పాత తీగల షెనిన్ బ్లాంక్‌తో ఒక పీపా వైట్ వైన్ తయారు చేయడం ఎలా?

నలభై, యాభై ఏళ్లు దాటిన ద్రాక్ష తీగల నుంచి వైట్ వైన్ చేయాలంటే మామూలు పద్ధతిలో ఏమేం మార్చుకోవాలని పాఠకులు పదేపదే అడుగుతున్నారు. వారిలో విదేశాల్లో స్థిరపడి చిన్న ఎత్తున వైన్ చేసుకుంటున్న తెలుగువారు ఉన్నారు, నాసిక్ ద్రాక్ష తోటలతో సంబంధం ఉన్నవారూ ఉన్నారు. మార్పులు ఎక్కువేమీ లేవు. అయితే కోత తేదీ, పిండే తీరు, ఒక్కో తోట భాగాన్ని విడివిడిగా ఉంచడం అనే మూడు విషయాల్లో పొరపాటు జరిగితే తర్వాత ఎంత శ్రమపడినా సరిదిద్దుకోలేరు. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ మూడింటికే కేటాయించాను.

ఉదాహరణగా దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్‌కు ఉత్తరాన ఉన్న స్వార్ట్‌లాండ్ ప్రాంతాన్ని, అక్కడి షెనిన్ బ్లాంక్ ద్రాక్షను తీసుకుంటున్నాను. ఆ దేశంలో ఈ ద్రాక్షకు స్టీన్ అనే పాత పేరు ఉంది, అన్నిటికంటే ఎక్కువ విస్తీర్ణంలో సాగయ్యేదీ ఇదే. అక్కడ వానలు చలికాలంలో కురుస్తాయి, వేసవి పొడిగా ఉంటుంది, పాత తోటల్లో చాలావరకు వర్షాధారమే. నాసిక్‌లోనూ ప్రధానమైన వైట్ వైన్ ద్రాక్షల్లో షెనిన్ బ్లాంక్ ఒకటి కాబట్టి, ఇక్కడి కొలతలు, పరీక్షలు అక్కడివారికీ పనికివస్తాయి. తీగల వయసు, కోత కాలం మాత్రం వేరు.

మొదలుపెట్టే ముందు చట్టం సంగతి చూసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లోనైనా, తెలంగాణలోనైనా లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం తయారు చేయడం నేరం. అమెరికాలో ఫెడరల్ చట్టం ప్రకారం సొంత వాడకానికి ఏడాదికి ఒక వయోజనుడు ఉన్న ఇంటికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువ మంది ఉన్న ఇంటికి 200 గ్యాలన్ల వరకు వైన్ చేసుకోవచ్చు గానీ అమ్మకూడదు. మీరు ఏ దేశంలో ఉంటే అక్కడి నియమాన్ని తెలుసుకున్న తరువాతే ద్రాక్షకు బయానా ఇవ్వండి.

సమకూర్చుకోవలసినవి

ఇక్కడి లెక్క 225 లీటర్ల పీపా ఒకటి నింపడానికి సరిపోతుంది.

- 450 కిలోల ద్రాక్ష. గుత్తులను నలపకుండా పిండితే సుమారు 260 లీటర్ల రసం వస్తుంది, తేరిన తరువాత 240 లీటర్లు మిగులుతుంది.
- చేతితో తిప్పే బాస్కెట్ ప్రెస్, 300 లీటర్ల స్టీలు ట్యాంకు, ఆహార పదార్థాలకు వాడదగిన గొట్టాలు.
- కనీసం మూడు నాలుగు సార్లు వాడిన 225 లీటర్ల ఓక్ పీపా. కొత్త పీపా వద్దు. కొత్త ఓక్ వాసన ముందు తోట రుచి నిలవదు.
- ఇరవై లీటర్ల గాజు జాడీలు రెండు, ఐదు లీటర్లవి రెండు, అన్నిటికీ ఎయిర్‌లాక్‌లు (లోపలి గ్యాసును బయటికి వదిలి, బయటి గాలిని లోపలికి రానివ్వని మూతలు).
- చక్కెర కొలిచే రిఫ్రాక్టోమీటర్ (రసం చుక్కతో చూసేది), హైడ్రోమీటర్ (రసంలో తేలేది), థర్మామీటర్, పీహెచ్ మీటర్ (పీహెచ్ తగ్గేకొద్దీ పులుపు తీవ్రత ఎక్కువ), దాన్ని సరిచూసుకునే 4, 7 బఫర్ ద్రావణాలు, ఆమ్లత కొలిచే టైట్రేషన్ కిట్.
- పొటాషియం మెటాబైసల్ఫైట్ (వైన్ పాడవకుండా కాపాడే సల్ఫైట్ పొడి, ఇది సల్ఫర్ డయాక్సైడ్‌ను విడుదల చేస్తుంది), పులుపు పెంచడానికి టార్టారిక్ ఆమ్లం, ఈస్ట్‌కు పోషకం, అవసరమైతే వాడటానికి ఒక ప్యాకెట్ ఈస్ట్.
- గ్రాములో పదో వంతు వరకు చూపించే తూకం. వంటింటి తూకం సల్ఫైట్ కొలవడానికి పనికిరాదు.

ఫ్రీ సల్ఫర్ డయాక్సైడ్ (వైన్‌లో దేనితోనూ కలవకుండా మిగిలి, దాన్ని కాపాడే భాగం), ఈస్ట్‌కు అందే నైట్రోజన్, మిగిలిన చక్కెర అనే మూడు పరీక్షలను ప్రయోగశాలలో చేయించుకోవడమే మేలు. వీటికయ్యే ఖర్చు పీపా వైన్ పాడైతే వచ్చే నష్టం ముందు లెక్కలోకి రాదు.

1. తోటను ఎంచుకోండి

దక్షిణాఫ్రికాలో పాత తోటల జాబితా తయారు చేసే పనిని ద్రాక్ష సాగు నిపుణురాలు రోసా క్రూగర్ 2002 ప్రాంతంలో మొదలుపెట్టారు. ఆ కృషి నుంచే పాత తీగలను కాపాడే ఓల్డ్ వైన్ ప్రాజెక్ట్ (ఇక్కడ వైన్ అంటే తీగ) అనే సంస్థ రూపుదిద్దుకుంది. 35 ఏళ్లు, ఆపైన వయసున్న తోటల వైన్ సీసాలపై నాటిన సంవత్సరంతో కూడిన ముద్ర వేసే విధానాన్ని ఆ సంస్థ 2018లో ప్రవేశపెట్టింది. కాబట్టి రైతును మీరు అడగవలసిన మొదటి ప్రశ్న ‘ఎన్నేళ్ల తోట?’ అని కాదు, ‘ఏ సంవత్సరంలో నాటినట్టు రికార్డు ఉంది?’ అని.

ఆ తరువాత తోటలోకి వెళ్లి మీ కళ్లతో చూడండి. హైదరాబాద్ చుట్టుపక్కల పందిళ్ల మీద పాకిన అనాబ్-ఇ-షాహీ తోటలు చూసినవారికి స్వార్ట్‌లాండ్ తోట మొదట తోటలాగే అనిపించదు. పందిరి ఉండదు, తీగను కట్టే వైరు కూడా ఉండదు. మోకాలెత్తు మొద్దు నుంచి నాలుగైదు పొట్టి కొమ్మలు చీలి, పొదలా విడివిడిగా నిలబడి ఉంటాయి. వరుసల వెంట నడుస్తూ ఈ కింది విషయాలు రాసుకోండి.

చచ్చిన తీగల స్థానంలో నాటిన కుర్ర తీగలు ఎన్ని ఉన్నాయో చూడండి. వాటి మొద్దు సన్నగా ఉంటుంది, పండ్లు వేరే సమయంలో పక్వానికి వస్తాయి. వాటికి రంగు రిబ్బను కట్టి, కోతలో వదిలేయమని ముందే చెప్పండి. మధ్యలో వేరే రకాలు కలిసి ఉన్నాయో లేదో కూడా గమనించాలి. పాత తోటల్లో షెనిన్ మధ్య పలోమినో, సెమియోన్, మస్కట్ తీగలు కనిపించడం మామూలే. రెండు మూడు శాతం ఉంటే కలిపే కోయండి, అది కూడా ఆ తోట స్వభావమే. అంతకు మించి ఉంటే విడిగా కోసి, విడి జాడీలో పులియబెట్టి, చివర్లో కలపాలో వద్దో నిర్ణయించుకోండి. ఇక ఆకుముడత వైరస్ సంగతి. పాత తోటల్లో ఇది చాలాచోట్ల ఉంది. తెల్ల ద్రాక్షలో ఆకు ఎర్రబడదు, అంచులు కిందికి ముడుచుకుని కొద్దిగా పసుపు పచ్చబడుతుంది, అందుకే కంటికి తొందరగా ఆనదు. ఆ తీగల్లో చక్కెర ఆలస్యంగా పెరుగుతుంది కాబట్టి నమూనాలు వేరుగా తీయాలి.

నేల మారితే వైన్ మారుతుంది. స్వార్ట్‌లాండ్‌లోని పార్డెబెర్గ్ కొండ చుట్టూ గ్రానైట్ చితికి ఏర్పడిన ఇసుక నేలలు ఉన్నాయి. అక్కడిదే మరో కొండ కస్టీల్‌బెర్గ్ వాలుల్లో పలకలుగా విడిపోయే షిస్ట్ రాయి ఉంటుంది. ఇంకా ఉత్తరాన, స్వార్ట్‌లాండ్ దాటిన తరువాత వచ్చే స్కర్ఫ్‌బెర్గ్‌లో ఇసుకరాయి నుంచి వచ్చిన ఎర్ర ఇసుక కనిపిస్తుంది. ఎబెన్ సాడీ వంటి వైన్ తయారీదారులు ఒక్కో పాత తోటను విడిగా సీసాల్లో నింపడం మొదలుపెట్టిన తరువాతే వీటి మధ్య తేడాను లోకం పట్టించుకుంది. మీరు తీసుకునే 450 కిలోలు ఒకే నేల నుంచి రావాలి. ఒకే రైతుదైనా రెండు వేర్వేరు నేలల ద్రాక్షను ఒకే ప్రెస్‌లో వేయకండి.

ధర విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. వర్షాధారపు పాత తోట చాలాచోట్ల హెక్టారుకు 2 నుంచి 5 టన్నులే కాస్తుంది. టన్ను లెక్కన డబ్బు ఇచ్చినంత కాలం అలాంటి తోట రైతుకు నష్టమే, ఎన్నో పాత తోటలను పెకలించివేయడానికి కారణం కూడా అదే. వీలైతే వరుసల లెక్కన, లేదా విస్తీర్ణం లెక్కన ధర మాట్లాడుకోండి. తోట నిలవాలని నిజంగా కోరుకునేవారు చేయవలసిన మొదటి పని ఇదే.

2. కోత తేదీని నిర్ణయించండి

స్వార్ట్‌లాండ్‌లో షెనిన్ కోత జనవరి చివర మొదలై ఫిబ్రవరి అంతా సాగుతుంది. మీరు అనుకున్న తేదీకి మూడు వారాల ముందు నుంచి వారానికి ఒకసారి, చివరి పది రోజుల్లో రెండు రోజులకు ఒకసారి నమూనా తీయాలి.

నమూనా అంటే కనీసం వంద పండ్లు. పొద తీగలో బయటి గుత్తికి ఎండ నేరుగా తగులుతుంది, లోపలి గుత్తి నీడలో ఉంటుంది, రెండింటి మధ్య రెండు బ్రిక్స్ (రసం బరువులో చక్కెర శాతాన్ని చెప్పే కొలత) తేడా ఉండవచ్చు. కాబట్టి తూర్పు వైపు, పడమర వైపు, లోపల, బయట, గుత్తి పైభాగం, కిందిభాగం అన్నిటి నుంచీ సమంగా తీసుకోండి. అందరూ చేసే పొరపాటు ఏమిటంటే, చెయ్యి తెలియకుండానే బంగారు రంగు తిరిగిన అందమైన పండు మీదికి పోతుంది. అలా తీసిన నమూనా తోటకంటే తీపిగా ఉంటుంది. దీనికి ఉపాయం, గుత్తి వైపు చూడకుండా చెయ్యి పెట్టి, ముందు తగిలిన పండునే తెంపడం.

పండ్లన్నీ సంచిలోనే నలిపి, రసం వడకట్టి, మూడు కొలతలు తీయండి. చక్కెర 21.5 నుంచి 23 బ్రిక్స్, పీహెచ్ 3.2 నుంచి 3.4, మొత్తం ఆమ్లత లీటరుకు 6 నుంచి 8 గ్రాములు ఉంటే మంచి పరిధిలో ఉన్నట్టే. బ్రిక్స్‌ను 0.58తో గుణిస్తే రాబోయే ఆల్కహాల్ శాతం సుమారుగా తెలుస్తుంది. అంటే 22.5 బ్రిక్స్‌కు 13 శాతం.

అంకెలు సరిపోయినంత మాత్రాన కోయవద్దు. పండు నోట్లో వేసుకుని, తొక్కను విడిగా నమలండి. పచ్చి ఆకు రుచి పోయి, వగరు మెత్తబడి ఉండాలి. గింజ ఆకుపచ్చ నుంచి గోధుమ రంగుకు తిరిగి ఉండాలి. పాత తీగల్లో తరచుగా కనిపించే మేలు ఏమిటంటే, చక్కెర మరీ పెరగకముందే ఈ రుచి వస్తుంది. కుర్ర తోటకు అలవాటుపడి 24 బ్రిక్స్ కోసం ఎదురుచూస్తే పులుపు జారిపోతుంది, వైన్ బరువెక్కుతుంది, గ్రానైట్ తోటకు, షిస్ట్ తోటకు తేడా తెలియకుండా పోతుంది. నా అభిప్రాయంలో పాత తీగల వైన్‌ను పాడుచేసే పొరపాట్లలో ఆలస్యంగా కోయడమే అన్నిటికంటే పెద్దది.

ఫిబ్రవరిలో ఎండ 40 డిగ్రీలు తాకే రోజులు వస్తాయి. వాతావరణ సూచనలో అలాంటి రోజులు కనిపించి, మీ నమూనా 21.5 చూపిస్తుంటే వేడి రాకముందే కోసేయండి. రెండు మూడు రోజుల వేడిలో పండు వడలి, చక్కెర ఒక బ్రిక్స్‌కు పైగా ఎగబాకగలదు.

ప్రత్యామ్నాయం ఒకటి ఉంది. షెనిన్ గుత్తులు ఒకేసారి పక్వానికి రావు. రైతు ఒప్పుకుంటే మూడో వంతును 21 బ్రిక్స్ దగ్గర, మిగిలినదాన్ని వారం పదిరోజుల తరువాత కోయండి. మొదటి విడత పులుపునూ, రెండో విడత నిండుదనాన్నీ ఇస్తుంది. కూలి ఖర్చు పెరిగినా, టార్టారిక్ ఆమ్లం కలపవలసిన అవసరం చాలావరకు తప్పుతుంది.

3. కోయండి, ఏరండి

తెల్లవారుజామున మొదలుపెట్టి, ఎండెక్కకముందే ముగించండి. ఇరవై కిలోలకు మించని ట్రేలలోనే నింపండి. లోతైన డబ్బాల్లో పోస్తే కింది గుత్తులు నలిగి, రసం కారి, ప్రెస్‌కు చేరేలోపే పులవడం మొదలవుతుంది. వీలైతే ఒక రాత్రి చల్లని గదిలో పది డిగ్రీల దగ్గర ఉంచండి.

ఏరేటప్పుడు ఎండకు కాలి గోధుమ రంగు తిరిగిన పండ్లను తీసేయండి, వాటి తొక్క చేదుగా ఉంటుంది. ఎండి కిస్మిస్‌లా మారినవి కొన్ని ఉన్నా ఫరవాలేదు. వెనిగర్ వాసన వచ్చే గుత్తిని మాత్రం ఒక్కటి కూడా లోపలికి రానివ్వకండి. అనుమానం కలిగితే ట్రేలో ముఖం పెట్టి వాసన చూడండి, కన్ను పట్టలేనిది ముక్కు పడుతుంది.

4. పిండండి

కాడలు తీయవద్దు, పండ్లు నలపవద్దు. గుత్తులను ఉన్నవి ఉన్నట్టే ప్రెస్‌లో వేయండి. కాడలు గుత్తుల మధ్య సందులు ఏర్పరచి రసానికి దారి ఇస్తాయి, తొక్కలు తక్కువగా రాపిడి కావడం వల్ల చేదు తక్కువగా దిగుతుంది.

ప్రెస్‌ను కొద్దిగా బిగించి, రసం ధార సన్నబడే వరకు ఆగి, మళ్లీ కొద్దిగా బిగించండి. ఒక ప్రెస్ నిండుకు రెండు నుంచి మూడు గంటలు పట్టాలి. తొందరపడి ఒకేసారి బిగిస్తే రసం మడ్డిమడ్డిగా, నురగగా వస్తుంది, అది తేరడానికి రెండు రోజులు పడుతుంది.

మొదట వచ్చే రసం ఆకుపచ్చ ఛాయతో బయటికి వచ్చి, గాలి తగిలిన కొద్ది నిమిషాల్లోనే గోధుమ రంగులోకి మారిపోతుంది. ఇది చూసి చాలామంది భయపడి సల్ఫైట్ గుప్పిస్తారు. ఆ అవసరం లేదు. గాలికి తొందరగా రంగు మారే పదార్థాలు ఇప్పుడే రంగు మారి మడ్డితో కిందికి దిగిపోతాయి, పులియడం ముగిసేసరికి రంగు మళ్లీ లేత పసుపుకు వస్తుంది.

ఆపవలసిన చోటు తెలుసుకోవడమే ఇక్కడ అసలు నైపుణ్యం. ప్రతి ముప్పై లీటర్లకు ఒక గ్లాసు రసం పట్టి, పీహెచ్ చూసి, రుచి చూడండి. ఒత్తిడి పెరిగేకొద్దీ తొక్క నుంచి పొటాషియం దిగి పీహెచ్ పెరుగుతుంది. మొదటి గ్లాసుకంటే 0.15 నుంచి 0.2 వరకు పెరిగినప్పుడు, లేదా మింగిన తరువాత నాలుక వెనక వగరు నిలిచినప్పుడు, ఆ క్షణం నుంచి వచ్చే రసాన్ని వేరే జాడీలోకి మళ్లించండి. దాన్ని పారబోయనక్కరలేదు, విడిగా పులియబెడితే పీపా నింపుతూ ఉండడానికి ఉపయోగపడవచ్చు. మొదటి రసంలో కలపడం మాత్రం తప్పు.

మీ పండ్లు శుభ్రంగా ఉంటే ఈ దశలో సల్ఫైట్ లేకుండానే సాగవచ్చు. కొంత కుళ్లు కనిపించి ఉంటే లీటరుకు 30 మిల్లీగ్రాముల సల్ఫర్ డయాక్సైడ్ వేయండి. పొటాషియం మెటాబైసల్ఫైట్ బరువులో సుమారు 57 శాతమే సల్ఫర్ డయాక్సైడ్ కాబట్టి, 260 లీటర్లకు 13.7 గ్రాముల పొడి కావాలి. ఆ పొడిని పీల్చకండి. ఉబ్బసం ఉన్నవారు ఈ పనికి దూరంగా ఉండాలి.

5. రసాన్ని తేర్చండి

రసాన్ని ట్యాంకులో పోసి, 10 నుంచి 12 డిగ్రీల దగ్గర ఒక రాత్రి కదపకుండా ఉంచండి. చల్లబరిచే ఏర్పాటు లేకపోతే శుభ్రమైన సీసాల్లో నీళ్లు గడ్డకట్టించి, బయట బాగా కడిగి, రసంలో దింపండి.

మర్నాడు పైనున్న రసాన్ని గొట్టంతో వంపుకోండి. అద్దంలా మెరిసేంత తేటదనం ఇక్కడ పనికిరాదు, ఈస్ట్‌కు కొంత మడ్డి అవసరం. పరీక్ష సులువు. గాజు గ్లాసులో రసం పోసి, వెనక నుంచి టార్చి వేయండి. వెలుతురు మసకగా, పొగలో నుంచి వచ్చినట్టు కనిపిస్తే సరిపోయింది. బల్బు ఆకారం స్పష్టంగా కనబడితే మరీ తేటగా ఉన్నట్టు, అడుగు మడ్డిలో పైపైది ఒకటి రెండు లీటర్లు తిరిగి కలపండి. వెలుతురే కనిపించకపోతే మరికొన్ని గంటలు ఆగండి.

ఈ తేరిన రసం నుంచే ప్రయోగశాలకు నమూనా పంపండి. పీహెచ్ 3.5 దాటితే మాత్రమే టార్టారిక్ ఆమ్లం గురించి ఆలోచించాలి. లీటరుకు ఒక గ్రాము వేస్తే పీహెచ్ సుమారు 0.1 తగ్గుతుంది. వేయవలసి వస్తే ఇప్పుడే వేయండి, పులిసిన తరువాత వేసిన ఆమ్లం వైన్‌లో ఇమడదు, రుచిలో విడిగా తెలుస్తుంది.

6. పులియబెట్టండి

తోట ఈస్ట్‌తోనే, అంటే తోటలోని పండ్లతో సహజంగా వచ్చే ఈస్ట్‌తోనే చేయాలని చాలామంది కోరిక. స్వార్ట్‌లాండ్‌లో ఎందరో చిన్న తయారీదారుల పద్ధతి కూడా అదే. అయితే ఏమీ వేయకుండా దేవుడి మీద భారం వేసి కూర్చోవడానికీ, సిద్ధపడి చేయడానికీ చాలా తేడా ఉంది. మీరు తోడు రసం తయారు చేసుకోండి.

కోతకు వారం ముందు అదే తోటలో, వేర్వేరు తీగల నుంచి ఇరవై కిలోల ఆరోగ్యమైన ద్రాక్ష కోసి, నలిపి, రెండు శుభ్రమైన బకెట్లలో పోసి, 22 నుంచి 25 డిగ్రీల దగ్గర మూతవేసి ఉంచండి. రోజుకు రెండుసార్లు కలపండి. చక్కెర సగానికి తగ్గినప్పుడు వాసన చూడండి. పండిన పండు వాసన, బ్రెడ్ పిండి వాసన మంచివి. గోళ్ల రంగు వాసన గానీ, వెనిగర్ వాసన గానీ వస్తే ఆ బకెట్‌ను నిర్దాక్షిణ్యంగా పారబోయండి. మంచి బకెట్ నుంచి వడకట్టిన ఏడు లీటర్లు మీ 240 లీటర్ల రసానికి చాలు. రెండు బకెట్లూ పాడైతే తటస్థమైన ఈస్ట్‌ను వంద లీటర్లకు 25 గ్రాముల చొప్పున, అంటే 60 గ్రాములు, గోరువెచ్చని నీటిలో నానబెట్టి వేయండి. అందువల్ల తోట రుచి పోతుందన్న భయం అవసరం లేదు. చెడు ఈస్ట్‌తో పాడైన వైన్‌లోనే తోట కనిపించదు.

పీపాలో రెండు వందల లీటర్లు మాత్రమే పోయండి, నురగకు చోటు కావాలి. మిగిలిన నలభై లీటర్లను గాజు జాడీల్లో, అవి కూడా నిండా కాకుండా పోయండి. గది 18 నుంచి 22 డిగ్రీల మధ్య ఉండాలి. గాలి ధారాళంగా ఆడే గదిలోనే పెట్టండి. పులిసేటప్పుడు వెలువడే కార్బన్ డయాక్సైడ్ నేలకు దగ్గరగా పేరుకుంటుంది, మూసిన గదిలో అది ప్రాణాపాయం.

వర్షాధారపు పాత తీగల రసంలో నైట్రోజన్ తక్కువగా ఉండటం మామూలు. ప్రయోగశాల నైట్రోజన్ ఫలితం లీటరుకు 150 మిల్లీగ్రాములకంటే తక్కువ వస్తే, రసం రెండు మూడు బ్రిక్స్ తగ్గిన తరువాత పోషకం వేయండి. 240 లీటర్లకు 60 గ్రాముల డైఅమోనియం ఫాస్ఫేట్ వేస్తే లీటరుకు సుమారు 50 మిల్లీగ్రాముల నైట్రోజన్ చేరుతుంది. ఇది ఎరువుల దుకాణంలో దొరికే డీఏపీ కాదు. వైన్ సామగ్రి అమ్మేచోట ఆహార ప్రమాణం ముద్రించి ఉన్నదే కొనండి.

ప్రతిరోజూ ఒకే సమయంలో చక్కెర, వేడి, వాసన రాసుకోండి. రోజుకు అర బ్రిక్స్ నుంచి ఒకటిన్నర వరకు తగ్గితే ఆరోగ్యంగా సాగుతున్నట్టు. ఇక్కడ రెండు కొలత తప్పులు మళ్లీమళ్లీ చూస్తున్నాను. ఒకటి, పులియడం మొదలైన తరువాత కూడా రిఫ్రాక్టోమీటర్ వాడటం. ఆల్కహాల్ చేరగానే అది ఉన్నదానికంటే ఎక్కువ చక్కెర చూపిస్తుంది, అప్పటి నుంచి హైడ్రోమీటరే వాడాలి. రెండోది, నమూనాలోని బుడగలను పోగొట్టకుండా హైడ్రోమీటర్ వేయడం. బుడగలు దాన్ని పైకి లేపుతాయి. రసాన్ని ఒక గ్లాసు నుంచి మరో గ్లాసులోకి నాలుగైదు సార్లు పోసి, ఆ తరువాత కొలవండి.

కుళ్లిన గుడ్డు వాసన వస్తే, చక్కెర ఇంకా సగానికి పైగా ఉన్నట్లయితే పోషకం కొద్దిగా వేసి, శుభ్రమైన కర్రతో కలిపి గాలి తగిలించండి. చివరి దశలో అయితే పోషకం వేయవద్దు, ఒకసారి వంపడంతోనే చాలావరకు పోతుంది.

చక్కెర మూడు బ్రిక్స్ పైన ఉండగానే రోజువారీ తగ్గుదల 0.2కంటే తక్కువకు పడిపోతే పులియడం ఆగిపోతున్నట్టు. గది వేడిని 20 నుంచి 22 డిగ్రీలకు తెచ్చి, అడుగు మడ్డిని మెల్లగా లేపండి. మూడు రోజుల్లో కదలిక రాకపోతే ఆల్కహాల్‌ను బాగా తట్టుకునే ఈసీ-1118 వంటి ఈస్ట్‌ను విడిగా రెండు లీటర్ల రసంలో చురుగ్గా పులియనిచ్చి, ఆ తరువాతే పీపాలో కలపండి. పొడిని నేరుగా పీపాలో చల్లితే ఆల్కహాల్ తాకిడికే చచ్చిపోతుంది.

తోట ఈస్ట్‌తో ముగింపుకు నెల, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ పడుతుంది. హైడ్రోమీటర్ సున్నా చూపగానే పూర్తయిందనుకోవద్దు, ఆల్కహాల్ నీటికంటే తేలిక కాబట్టి చక్కెర పూర్తిగా పోయిన వైన్ సున్నాకంటే కింద, మైనస్ ఒకటి దాటి ఉంటుంది. ప్రయోగశాలలో మిగిలిన చక్కెర లీటరుకు రెండు మూడు గ్రాములకు దిగినట్టు వస్తేనే ముగిసినట్టు లెక్క.

7. మాలిక్ పులుపును ఏం చేయాలో తేల్చుకోండి

బాక్టీరియా మాలిక్ ఆమ్లాన్ని మెత్తటి లాక్టిక్ ఆమ్లంగా మార్చగలదు. వెచ్చని ప్రాంతపు షెనిన్‌లో ఆ పులుపును ఉంచుకోవడమే మంచిదని నా సలహా. పీహెచ్ 3.3 పైన ఉంటే పులియడం ముగియగానే సల్ఫైట్ వేసి ఆపండి. 235 లీటర్లకు 20 గ్రాముల మెటాబైసల్ఫైట్ వేస్తే లీటరుకు సుమారు 50 మిల్లీగ్రాములు చేరుతుంది. పీహెచ్ 3.1కి దగ్గరగా ఉండి, నోరు పులిసేంత ఆమ్లత ఉంటే మాత్రం సల్ఫైట్ వేయకుండా ఆగి, కాగితపు క్రొమటోగ్రఫీ కిట్‌తో మాలిక్ మచ్చ తగ్గుతోందో లేదో పదిహేను రోజులకోసారి చూడండి. సగంలో ఆగిపోయిన స్థితిలో సీసాల్లో నింపడం అన్నిటికంటే ప్రమాదం, సీసాలోనే మళ్లీ మొదలై గ్యాసు పుడుతుంది.

8. మడ్డి మీద ఉంచండి

జాడీల్లోని వైన్‌తో పీపాను అంచు వరకు నింపి, ఎనిమిది నుంచి పది నెలలు మడ్డి మీదే వదిలేయండి. కర్రతో కలపనక్కరలేదు. పాత తీగల రసానికి నిండుదనం ముందే ఉంటుంది, కలిపితే వెన్న రుచి, బరువు పెరిగి పదును తగ్గుతుంది.

వారానికి ఒకసారి పీపా నింపడం మాత్రం మానవద్దు. చెక్క నుంచి వైన్ ఆవిరైన కొద్దీ పైన ఖాళీ ఏర్పడి, ఉపరితలం మీద తెల్లటి పొర కడుతుంది, తరువాత కోసిన ఆపిల్ ముక్క రంగు మారినప్పటి వాసన వస్తుంది. నెలకోసారి ఫ్రీ సల్ఫర్ డయాక్సైడ్ పరీక్ష చేయించండి. కావలసిన మోతాదు పీహెచ్‌ను బట్టి మారుతుంది. పీహెచ్ 3.2 ఉంటే లీటరుకు 21 మిల్లీగ్రాములు, 3.3కు 26, 3.4కు 32, 3.5కు 40 ఉండాలి. అందరికీ ఒకే అంకె చెప్పే సలహాలను నమ్మకండి.

రెండు నేలల ద్రాక్షను విడివిడిగా చేసినవారు ఆరో నెలలో ఒక పరీక్ష చేయవచ్చు. మూడు గ్లాసుల్లో రెండింటిలో ఒక వైన్, మూడోదానిలో మరో వైన్ పోయించి, ఏది భిన్నమైనదో చూడకుండా చెప్పడానికి ప్రయత్నించండి. నలుగురైదుగురితో, గ్లాసుల వరుస మార్చి, మళ్లీ చేయించండి. తేడా పట్టగలిగితే విడిగానే సీసాల్లో నింపండి. ఎవరూ పట్టలేకపోతే కలిపేయడంలో నష్టం లేదు, వచ్చే ఏడాది కొంచెం తొందరగా కోసి చూడండి.

9. సీసాల్లో నింపండి

నింపే ముందు రెండు పరీక్షలు చేయండి. ఒక చిన్న సీసా వైన్‌ను మైనస్ 4 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచి, అడుగున స్ఫటికాలు ఏర్పడ్డాయేమో చూడండి. ఏర్పడితే అవి హానికరం కావు, కానీ వద్దనుకుంటే పీపాలోని వైన్‌ను చలిలో కొన్ని వారాలు ఉంచి వంపాలి. ఇంకో సీసాను 80 డిగ్రీల నీటిలో రెండు గంటలు ఉంచి, చల్లారిన తరువాత టార్చి వేసి చూడండి. మసక కనిపిస్తే ప్రొటీన్ మిగిలి ఉన్నట్టు. లీటరుకు 0.3 గ్రాముల నుంచి మొదలుపెట్టి చిన్న సీసాల్లో బెంటొనైట్ (ప్రొటీన్‌ను పట్టి అడుగుకు దించే మెత్తటి మట్టి) మోతాదులు ప్రయత్నించి, మసక పోయే అతి తక్కువ మోతాదునే పీపాకు వాడండి. ఎక్కువైతే వాసన కూడా మట్టితో కిందికి దిగిపోతుంది.

చక్కెర గానీ మాలిక్ గానీ మిగిలి ఉంటే 0.45 మైక్రాన్ ఫిల్టరు తప్పనిసరి. రెండూ లేకపోతే ఫిల్టరు లేకుండా నింపవచ్చు. గొట్టం చివరను సీసా అడుగుకు ఆనించి నింపండి, పై నుంచి ధారగా పోస్తే గాలి కలుస్తుంది. ఒక పీపాకు సుమారు 290 సీసాలు వస్తాయి. లేబుల్ మీద నాటిన సంవత్సరం, నేల రకం, కోత తేదీ రాసుకోండి. ఓల్డ్ వైన్ ప్రాజెక్ట్ ముద్రను సభ్యత్వం, ధ్రువీకరణ లేకుండా వాడకూడదు.

ఆరు వారాల తరువాత ఒక సీసా తెరిచి, సగం తాగి, మూతపెట్టి, మూడు రోజులు ఫ్రిజ్‌లో ఉంచండి. మూడో రోజున కూడా రంగు లేత పసుపులోనే ఉండి, పులుపు చురుకుగా తగిలితే మిగిలిన సీసాలను మూడు నాలుగేళ్లు నిశ్చింతగా దాచుకోవచ్చు. రంగు ముదిరి, కోసిన ఆపిల్ వాసన వస్తే నింపేటప్పుడు గాలి ఎక్కువగా కలిసినట్టు లేదా సల్ఫర్ డయాక్సైడ్ తక్కువైనట్టు. ఆ పీపా సీసాలను ఏడాదిలోపే తాగేయండి.